సవర కొండకు వెళ్లొద్దాం రండి

39 అనే సంఖ్యను మాటల్లో చెప్పండి. 'ముప్పైతొమ్మిది' అంటారు మీరు. ముప్పై, దాని మీద తొమ్మిది. ఇంతకంటె వేరే విధంగా చెప్పడానికి వీలుందా?

ఉంది. మన రాష్ట్రపు ఉత్తరపు కొసన, కొండల మీద ఉన్న ఒక చిన్న ఊళ్లో ముసలితాతను ఎవరినైనా అడగండి. 'ఇరవై-పన్నెండు-ఏడు' అనే అర్థం వచ్చేటట్లు ఒకే మాట చెబుతాడు. కూడి చూడండి. సరిపోయింది కదా!

ఆ తాత సవర. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? ఆ కొండమీద ఇంకా ఏమేమి ఉన్నాయి? కాగితం, పెన్సిలు తీసుకోండి. వెళ్లి చూసి వద్దాం.

దారి

విశాఖపట్నం నుంచి రైలులో బయలుదేరి శ్రీకాకుళం రోడ్ స్టేషనులో దిగుదాం. ఆ స్టేషను ఆమదాలవలస ఊళ్లో ఉంది. అక్కడి నుంచి బస్సులో పాలకొండ, పాలకొండ నుంచి సీతంపేట. ఇదంతా పూర్వం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో ఇప్పుడు పాలకొండ, సీతంపేట రెండూ చేరాయి. సవరల ఊళ్లు ఈ కొండలతో ఆగిపోవు. వంశధార అవతల, ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల దాకా వ్యాపించి ఉన్నాయి. సవరలలో ఎక్కువ మంది ఉన్నది ఆ వైపే.

సీతంపేట దాటాక కాలిబాట పట్టి ఎక్కాలి. ఎక్కుతున్నకొద్దీ ఎండ ఉన్నా గాలి చల్లబడుతుంది. కొండ ఎక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, వేడి పెరగాలి కదా అని మీకు సందేహం రావచ్చు. సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఆ దూరం ముందు మనం ఎక్కే కొండ ఎంత? గాలికి వేడి ముఖ్యంగా నేల నుంచి అందుతుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. సగటున కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీల సెంటీగ్రేడు తగ్గుతుంది. మన ఊరు 600 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, కింది మైదానం కంటె అక్కడ సుమారు నాలుగు డిగ్రీలు తక్కువ.

ఆయాసం తీర్చుకోవడానికి ఒక బండ మీద కూర్చున్నప్పుడు ఆ బండనే చూడండి. తుప్పు పట్టినట్లు ఎర్రగా, మధ్యమధ్య ఎర్రని గార్నెట్ పలుకులతో ఉండే రాయి తూర్పు కనుమల్లో తరచుగా కనిపిస్తుంది. దీని పేరు ఖోండలైటు. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు దీనికి ఆ పేరు పెట్టాడు. ఒడిశా కొండల్లో ఈ రాయి బాగా కనిపించే చోట నివసించేవారు ఖోండులు. మన వైపు వారిని కోదులు అంటారు. కోణార్క సూర్యదేవాలయం కట్టిన రాయి ఇదే. ఒక గిరిజన జాతి పేరు ప్రపంచంలోని భూగర్భశాస్త్ర పుస్తకాలన్నిటిలోకీ ఎక్కిందన్న మాట.

ఇల్లు

ఊరు వచ్చింది. ఇళ్లు వరుసగా, ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్నాయి. కొన్నిటికి ఇప్పుడు సిమెంటు గోడలు, రేకుల కప్పులు వచ్చాయి. పాత పద్ధతి ఇల్లు ఒకటి వెతుకుదాం. రాయీ మట్టీ కలిపి కట్టిన మందపు గోడ, దాని మీద ఎర్రమట్టి పూత, గడ్డి కప్పు. ఆ కప్పు చూరు బాగా కిందికి దిగి ఉంటుంది కాబట్టి లోపలికి వంగి వెళ్లాలి. దానివల్ల వాన జల్లు మట్టిగోడను తాకదు. గడ్డిపోచల మధ్య చిక్కుకున్న గాలి వేడిని సులభంగా పోనివ్వదు. మీరు చలికాలంలో కప్పుకునే ఉన్ని దుప్పటి పనిచేసేదీ ఈ సూత్రం మీదనే.

లోపల పొయ్యి. పొయ్యికి పైన అటక. అటక మీద ధాన్యం, విత్తనాలు. పొయ్యి పొగ రోజూ వాటికి తగులుతూ తేమను తగ్గిస్తుంది, పురుగును దూరంగా ఉంచుతుంది. మందుపొడి కొనకుండానే విత్తనం వచ్చే ఏడాది దాకా నిలుస్తుంది. ఇంట్లో ఉండే ఆడవారి కళ్లకూ ఊపిరితిత్తులకూ అదే పొగ మంచిది కాదన్న సంగతి కూడా రాసుకోండి. మనం వచ్చింది మెచ్చుకోవడానికి మాత్రమే కాదు, ఉన్నది ఉన్నట్లు చూడడానికి.

పొలం

ఊరి పక్క కొండ వాలులో రెండు రకాల సేద్యం కనిపిస్తుంది.

మొదటిది పోడు. ఎండాకాలంలో వాలుమీద పొదలూ చెట్లూ నరికి, ఎండనిచ్చి, కాలుస్తారు. తొలకరికి ఆ బూడిదలో విత్తనం వేస్తారు. దున్నడం ఉండదు. ఒకే చెక్కలో చోడి, సామ, కొర్ర, జొన్న, కంది, బొబ్బర్లు, ఆముదం కలిసి పెరుగుతాయి. మైదానపు రైతుకు ఇది గందరగోళంగా కనిపించవచ్చు. రసాయన శాస్త్రం తెలిసిన మీరు ఇంకోలా చూడండి. కాల్చినప్పుడు మొక్కల్లోని నత్రజని చాలావరకు గాలిలో కలిసిపోతుంది. పొటాషియం, కాల్షియం, భాస్వరం మాత్రం బూడిదలో మిగులుతాయి. పోయిన నత్రజనిని కొంతయినా తిరిగి తెచ్చేవి కంది, బొబ్బర్లు. వాటి వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మారుస్తాయి. వాన తప్పి ఒక పంట పోయినా ఇంకొకటి చేతికి వస్తుంది.

అయితే ఈ పద్ధతికి ఒక షరతు ఉంది. కొన్ని పంటలు తీశాక ఆ చెక్కను చాలా ఏళ్లు వదిలేయాలి. అడవి మళ్లీ మొలిచి నేలను కోలుకోనివ్వాలి. జనం పెరిగి, అడవి తగ్గి, ఆ విరామం చిన్నదైనచోట వాన మట్టిని కోసుకుపోతుంది. అందుకే సీతంపేట కొండల మీద ఈనాడు జీడిమామిడి, అనాస, పసుపు తోటలు విస్తారంగా కనిపిస్తాయి.

రెండవది మెట్ల పొలం. ఇది చూడాలంటే గజపతి, రాయగడ వైపు వెళ్లాలి. కొండవాలును మెట్లుగా చెక్కి, ఒక్కొక్క మెట్టు అంచున రాళ్లతో గోడ పేర్చి, పైనున్న ఊటనీటిని మెట్టు నుంచి మెట్టుకు దించుతూ వరి పండిస్తారు. రాళ్ల మధ్య సున్నం లేదు, సిమెంటు లేదు.

ఇందులోని భౌతికశాస్త్రం గమనించండి. కదిలే వస్తువు శక్తి దాని వేగపు వర్గాన్ని బట్టి ఉంటుందని మీరు చదువుకున్నారు. వాలున పారే నీటి వేగం రెండింతలైతే, మట్టిని కోసే శక్తి నాలుగింతలవుతుంది. ఒక్కొక్క మెట్టు దగ్గర నీటిని ఆపి, వేగం తగ్గించి వదిలితే ఆ శక్తి పుట్టదు. పైగా నీరు తెచ్చిన ఒండ్రు మెట్టుమీదనే పేరుకుంటుంది. ఈ సూత్రం గోడ పేర్చినవారు ఏ బడిలోనూ చదవలేదు. తండ్రి పేరుస్తుంటే పక్కన నిలబడి రాయి అందిస్తూ నేర్చుకున్నారు.

పండుగ

కంది కాయలు పచ్చగా నిండుతుంటే మీకు నోరూరుతుంది. తుంచబోకండి! కొత్త పంటను ఊరంతా కలిసి కొత్తల పండుగ చేసుకునేదాకా తినకూడదు. కందికి ఒక పండుగ, కొర్రకు ఒక పండుగ, మామిడికి ఒక పండుగ. ఆ రోజున పూర్వులకు పెట్టి, తరువాత అందరూ తింటారు. డప్పులు, కొమ్ముబూరలు మోగుతాయి.

నియమం దేవుడి పేరు మీద ఉన్నా దాని ఫలితం పొలంలో కనిపిస్తుంది. కాయ ముదిరేదాకా ఎవరూ కోయరు కాబట్టి విత్తనం గట్టిపడుతుంది. మరుసటి ఏడాదికి మొలకెత్తే గింజ దొరుకుతుంది. అడవి మామిడి పండి రాలేదాకా ఉంటుంది. ఒకరు ముందుగా కోసుకుపోయి ఇంకొకరికి లేకుండా చేయడం కుదరదు.

గోడమీద బొమ్మ

ఎర్రమట్టి గోడ మీద తెల్లని బొమ్మలు కనిపిస్తే కాసేపు ఆగండి. బియ్యం నానబెట్టి నూరిన పిండితో, కొస చితగ్గొట్టిన వెదురుపుల్లతో వేసిన బొమ్మలవి. ముందు చుట్టూ చదరపు అంచు గీస్తారు. అదొక ఇల్లు. దాని లోపల మనుషులు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు, సూర్యచంద్రులు. ఇంట్లో జబ్బు చేసినప్పుడో, పంట బాగుండాలనో, పోయినవారిని తలుచుకునో వేస్తారు. పోయినవారి ఆత్మ వచ్చి ఉండడానికి కట్టిన బొమ్మల ఇల్లు అది. అందానికి వేసింది కాదు. అందువల్ల దాన్ని తాకకూడదు, అడగకుండా ఫోటో తీయకూడదు.

సవరల మతాన్ని గురించి వెరియర్ ఎల్విన్ అనే మానవశాస్త్రజ్ఞుడు రాసిన పెద్ద పుస్తకం 1955లో వెలువడింది. ఆయన తరువాత, 1970లలో, పియర్స్ విటెబ్‌స్కీ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఒడిశా సవరల మధ్య నివసించి ఒక విషయం వివరంగా రాశాడు. చనిపోయినవారు పూనినట్లు భావించే స్త్రీ ద్వారా బంధువులు వారితో మాట్లాడతారు. పోట్లాడతారు, ఏడుస్తారు, క్షమాపణ చెప్పుకుంటారు. ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. దుఃఖం మెల్లగా చల్లారుతుంది.

జ్వరం తగ్గడానికి ఇది మందు కాదు. మలేరియాకు రక్తపరీక్ష చేయించాలి, మాత్రలు వేసుకోవాలి. దుఃఖానికి మాత్రం మన ఊళ్లలో ఇంత ఓపికైన ఏర్పాటు ఉందా అని మీరే ఆలోచించండి. ఈనాడు సవర యువకులలో చాలామంది ఇతర మతాల్లోకి వెళ్లారు. ఆ సంభాషణలు చాలా ఊళ్లలో ఆగిపోయాయి. బొమ్మలు గోడల నుంచి కాగితం మీదికి, గుడ్డ మీదికి వచ్చి అంగళ్లలో అమ్ముడుపోతున్నాయి. ఒడిశా సవరల చిత్రకళకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

సంతలో మూడు కుటుంబాలు

ఇప్పుడు వారపు సంతకు దిగుదాం. చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు, పసుపు కుప్పలుగా పోశారు. కళ్లు మూసుకుని చెవులు మాత్రం తెరవండి. ఒక పక్క తెలుగు. అది ద్రావిడ కుటుంబపు భాష. ఒక పక్క ఒడియా. అది ఇండో-ఆర్య కుటుంబం. ఇంకో పక్క వినిపించే సవర ఈ రెండింటికీ చుట్టం కాదు. అది ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖ. జార్ఖండ్‌లోని సంతాలీ, ముండారీ దానికి దగ్గర బంధువులు. మేఘాలయలోని ఖాసీ, కంబోడియాలోని ఖ్మేర్, వియత్నామీస్ దూరపు బంధువులు. కంటిని సంతాలీలో 'మెత్' అంటారు, వియత్నామీస్‌లో 'మత్' అంటారు. సవర మాటలోనూ 'మ', 'ద' ధ్వనులే ఉన్నాయి. వేల ఏళ్ల కిందట విడిపోయిన అన్నదమ్ముల ముఖకవళికలు ఇంకా పోల్చుకోవచ్చు.

సవరలో ఇంకొక వింత ఉంది. 'పులిని పట్టుకుంటాను' అని మనం రెండు మాటల్లో అంటాం. సవరలో పులి అనే మాటను కురచ చేసి క్రియలోనే అతికించి మొత్తం ఒకే మాటగా చెప్పవచ్చు.

ఇక మన లెక్కకు వద్దాం. సవరలో ఒకటి 'అబోయ్', ఏడు 'గుల్జి', పది 'గల్జి', పన్నెండు 'మిగ్గల్', ఇరవై 'బోకొడి'. ఉచ్చారణ ఊరూరికీ కొంచెం మారుతుంది. మనం పది దాటగానే పదిమీద కూడడం మొదలుపెడతాం. వారు పన్నెండు దాకా వెళ్లి, పన్నెండు మీద కూడతారు. పదమూడు 'మిగ్గల్‌బోయ్', అంటే పన్నెండు-ఒకటి. ఇరవై రాగానే ఇరవైల లెక్క మొదలు. 39 అంటే బోకొడి-మిగ్గల్-గుల్జి. 93 అంటే నాలుగు ఇరవైలు, దానిమీద పదమూడు. పారిస్‌లో ఫ్రెంచి పిల్లలు 93ని చెప్పేదీ సరిగ్గా ఇలాగే, 'నాలుగు-ఇరవై-పదమూడు' అనే!

పదిని రెండుతోను, అయిదుతోను మాత్రమే శేషం లేకుండా భాగించగలం. పన్నెండును రెండు, మూడు, నాలుగు, ఆరు వేటితోనైనా భాగించవచ్చు. మనం అరటిపండ్లను డజన్లలో కొనడంలో ఉన్న సుఖం ఇదే. మన లెక్క ఒక్కటే సహజమైన లెక్క అనుకోవడం ఎంత పొరపాటో చూశారా?

వినికిడి పోగొట్టుకున్న మేష్టారు

ఈ భాషను మొదట శ్రద్ధగా విని రాసిపెట్టినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడే. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నాం. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. కొండల నుంచి దిగివచ్చే సవరలను చూశారు. వారి మాట ఎవరికీ అర్థం కాదు, వారిని మోసం చేయడం అందరికీ సులభం. ఆ భాష నేర్చుకోవాలనుకున్నారు. పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాటా నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు.

ఆ కొండల్లో తిరుగుతూ ఆయన మలేరియా బారిన పడ్డారు. అప్పటికి దానికి మందు క్వినైన్ ఒక్కటే. ఎక్కువగా వాడితే అది లోపలి చెవిని దెబ్బతీస్తుంది. రామమూర్తి గారి వినికిడి దెబ్బతిన్నది, చెవుడు జీవితాంతం ఉండిపోయింది. ఒక భాష ధ్వనులను పట్టుకోవడానికి చెవి కంటె ముఖ్యమైన పనిముట్టు ఏముంది? అది పోయినా ఆయన పని ఆపలేదు. ఇంగ్లీషులో సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. 1940లో ఆయన కన్నుమూశారు.

సవరలూ ఊరుకోలేదు. 1936లో మంగేయి గొమాంగో అనే సవర తన భాషకు 24 అక్షరాల కొత్త లిపిని సృష్టించాడు. దాని పేరు సొరంగ్ సొంపెంగ్. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. అంటే ఇప్పుడు దాన్ని కంప్యూటరు మీద కూడా రాయవచ్చు.

ఇప్పుడు ఏమవుతుంది?

2011 జనాభా లెక్కల్లో సవరను మాతృభాషగా రాయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు నాలుగు లక్షల మంది. ఇది తక్కువ సంఖ్యేమీ కాదు. కాని ఒక పిల్లవాడిని ఊహించుకోండి. అయిదేళ్లు ఇంట్లో సవర మాట్లాడి మొదటి రోజు బడికి వస్తాడు. మేష్టారు చెప్పేది తెలుగో, ఒడియానో. ఒక్క ముక్క అర్థం కాదు. 'వీడికి చదువు రాదు' అంటారు. రానిది చదువు కాదు, మేష్టారి భాష. ఇది గుర్తించి ఇరవై ఏళ్ల కిందట మన రాష్ట్రంలో సవరతో సహా కొన్ని గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టారు. అవి నిలబడాలంటే ఆ భాష వచ్చిన మేష్టర్లు ఉండాలి, పుస్తకాలు ఏటా అందాలి.

ఆ పిల్లవాడు పెద్దవాడై, సవర మాట్లాడితే నవ్వుతారని తన పిల్లలతో తెలుగే మాట్లాడాడనుకోండి. ఒక తరంలో ఏమి పోతుంది? పన్నెండు మీద కూడే లెక్క పోతుంది. ఏ దుంపను ఎన్నిసార్లు ఉడికించి నీళ్లు పారబోస్తే విషం పోతుందో, ఏ చెట్టు పూస్తే విత్తనం వేయాలో చెప్పే మాటలు పోతాయి. వాటిలో కొన్ని తప్పు కావచ్చు, కొన్ని ఒప్పు కావచ్చు. పరీక్షించి చూసే అవకాశమే లేకుండా పోవడం శాస్త్రానికి నష్టం.

భాష నిలవాలంటే మనుషులు బాగుండాలి కూడా. నేటికీ రోడ్డులేని కొండ ఊళ్ల నుంచి రోగులను, గర్భిణులను డోలీ కట్టి మోసుకు దిగవలసి వస్తున్నది. 'మా సంస్కృతి బాగుంది' అని వినడం కంటె, రోడ్డూ నర్సూ తమ భాష వచ్చిన మేష్టారూ కావాలని ఆ ఊరివారు కోరుకుంటే అందులో ఆశ్చర్యమేముంది? సంస్కృతి కావాలా, సౌకర్యం కావాలా అని మనల్ని ఎవరూ అడగరు. వారిని మాత్రం ఎందుకు అడగాలి?

మీరు వెళ్లినప్పుడు

ఊళ్లోకి వెళ్లగానే ముందు పెద్దను కలవండి. ఊరి పెద్దను గొమాంగ్ అంటారు. వచ్చిన పని చెప్పి అనుమతి అడగండి. ఫోటోకు మనిషి మనిషినీ విడిగా అడగాలి. వద్దంటే మానేయాలి. పిల్లలకు చాక్లెట్లు విసరకండి. ప్లాస్టిక్ కవర్లు తిరిగి మీ సంచిలో వేసుకుని రండి. రాత్రి ఉండవలసివస్తే దోమతెర తీసుకువెళ్లండి. 'ఆదిమానవులు' అనే మాట వాడకండి. వారూ మీరూ ఒకే శతాబ్దంలో ఉన్నారు. ఆ ఊరి కుర్రాడి జేబులో సెల్‌ఫోను ఉంటుంది, మీ తరగతిలోని పాఠమే అతనూ చదువుతుంటాడు. అన్నిటికంటె ముందు, కనీసం పది వరకు అంకెలు వారి భాషలో నేర్చుకోండి. మీరు తప్పు పలికితే పిల్లలు నవ్వుతారు, నవ్వుతూనే సరిదిద్దుతారు. ఆ పూటకు వారు మేష్టర్లు, మీరు విద్యార్థులు.

ఇంట్లో చేసి చూడండి

1. 75, 58, 100 ఈ మూడింటినీ సవర పద్ధతిలో ఇరవైలు, పన్నెండ్లు, ఒకట్లుగా విడగొట్టండి. (75 = మూడు ఇరవైలు + పన్నెండు + మూడు. మిగతావి మీరే చేయండి.)

2. మీ బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపుల మధ్య భాగాలను లెక్కించండి. ఎన్ని వచ్చాయి? కొన్ని దేశాల్లో ఒంటిచేత్తో ఇలాగే లెక్కపెడతారు.

3. మీ అమ్మమ్మనో, నాయనమ్మనో అడిగి మీ ఊళ్లో పెరిగే ఇరవై మొక్కల పేర్లు, వాటి ఉపయోగాలు రాసుకోండి. వాటిలో మీకు ముందే తెలిసినవి ఎన్నో లెక్కించండి. తెలియనివే ఎక్కువగా ఉంటే, సవర కొండ మీద జరుగుతున్నదే మీ ఇంట్లోనూ జరుగుతున్నదన్న మాట. కాగితం, పెన్సిలు ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి కదా!